బయోస్ మార్చాక కంప్యూటర్ బూట్ కావట్లేదా? ఫార్మాట్ కంటే ముందు వరుసగా చూడాల్సినవి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామని చాలామంది బయోస్‌లోకి (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) వెళ్లి టీపీఎమ్ (తాళం కీలు దాచే భద్రతా భాగం), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగు) ఆన్ చేస్తున్నారు. కొందరు బయోస్‌నే అప్‌డేట్ చేస్తున్నారు. మళ్లీ ఆన్ చేసేసరికి నల్లటి తెర, లేకపోతే బూట్ డివైస్ దొరకలేదన్న మెసేజ్. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి పాఠకులు పదేపదే అడుగుతున్నది దీని గురించే.

బయోస్ ఉండేది మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో. మీ ఫైళ్లు ఉండేది హార్డ్‌డిస్క్‌లోనో ఎస్‌ఎస్‌డీలోనో. బయోస్ అప్‌డేట్ మీ ఫైళ్ల జోలికి రాదు. రొయ్యల గుంటల మేత లెక్కలు, ట్యాలీ డేటా, స్టూడియోలో పెళ్లి ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. అవి పోయేది కంగారులో ఎవరో ఫార్మాట్ కొట్టినప్పుడు. అందుకే ఈ వరుసలో ఫార్మాట్ అనే మెట్టే లేదు.

1. ఇంకా ఏమీ మార్చనివాళ్లకు

ఇప్పటికే ఆగిపోయిన సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్లు నేరుగా 2కి వెళ్లండి.

బయోస్ ఫ్లాష్ కావడానికి, అంటే చిప్‌లో కొత్త బయోస్ రాయడానికి, మామూలుగా 3 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో కరెంటు పోతే చిప్‌లో సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజుల్లో, రోహిణి కార్తెలో ఏసీల లోడు ఎక్కువగా ఉండే మధ్యాహ్నాల్లో ఈ పని పెట్టుకోకండి. పొద్దున్నే చేసుకోండి.

బ్యాటరీ బాగున్న 600 వీఏ యూపీఎస్ మామూలు ఆఫీసు డెస్క్‌టాప్‌కి ఆ పది నిమిషాలకు సరిపోతుంది. బ్యాటరీ బాగుందో లేదో ముందే పరీక్షించండి: సిస్టమ్ నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్ తీసి ఐదు నిమిషాలు చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ మీద ఆధారపడేవాళ్లు వెనక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. నార్మల్ మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కావచ్చు. ఫ్యాన్లు ఆగకపోవడంతో ఇన్వర్టర్ ఉందిగా అనుకుంటారు. కంప్యూటర్ అంత ఖాళీని తట్టుకోలేదు.

లాప్‌టాప్ అయితే బ్యాటరీ సగానికి పైన ఉండాలి, చార్జర్ కూడా పెట్టి ఉండాలి.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

– బయోస్‌లో ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో. ముఖ్యంగా సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి), బూట్ మోడ్, సెక్యూర్ బూట్, టీపీఎమ్, బూట్ ఆర్డర్.
– విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ దగ్గర లెగసీ (పాత బూట్ పద్ధతి) అని ఉందా, యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అని ఉందా చూసి రాసుకోండి.
– బోర్డు మోడల్ అక్షరం పొల్లుపోకుండా. బీ450ఎమ్ డీఎస్3హెచ్ వేరు, దాని వీ2 వేరు. గిగాబైట్ బోర్డులైతే బోర్డు మీద ముద్రించిన రివిజన్ నంబరు కూడా చూడాలి.
– బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందా? ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందు రాసుకోండి, తర్వాత బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి.
– ఫైళ్లకు వేరే డిస్క్‌లో ఒక కాపీ.
– 32 జీబీ లేదా అంతకంటే చిన్న పెన్‌డ్రైవ్, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసినది. పెద్ద పెన్‌డ్రైవ్‌లకు విండోస్ ఫార్మాట్ కిటికీ చాలావరకు ఫ్యాట్32 చూపించదు.

కంపెనీ సైట్‌లో ఆ వెర్షన్ కింద రాసిన సూచనలు పూర్తిగా చదవండి. కొన్ని బోర్డులకు మధ్యలో ఇంకో వెర్షన్ వేసి గానీ కొత్తదానికి వెళ్లకూడదు. కొన్ని ఏఎమ్‌డీ బోర్డుల కొత్త బయోస్‌లలో పాత ప్రాసెసర్లకు మద్దతు తీసేశారు. అది చూడకుండా వేస్తే ఫ్లాష్ సరిగ్గా అయినా డిస్‌ప్లే రాదు.

2. ముందు ఆగండి, తర్వాత ఎక్కడ ఆగిందో చూడండి

అప్‌డేట్ తర్వాత మొదటిసారి లేచేటప్పుడు బోర్డు ర్యామ్‌ను కొత్తగా సర్దుకుంటుంది. డీడీఆర్5 బోర్డుల్లో దీనికి చాలా నిమిషాలు పట్టవచ్చు. ఈలోగా తెర నల్లగా ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతుంటాయి, సిస్టమ్ తనంతట తానే రెండు మూడుసార్లు ఆగి లేవచ్చు. పాడైందనుకుని పవర్ బటన్ నొక్కిపడతారు, నిజంగా పాడయ్యేది అప్పుడే. డెస్క్‌టాప్‌కి 15 నిమిషాలు, లాప్‌టాప్‌కి అరగంట వదిలేయండి.

అయినా లేవకపోతే మీది ఈ మూడింట్లో ఏదో తేల్చుకోండి:

– తెర మీద ఏమీ రాదు, కంపెనీ లోగో కూడా లేదు: 3, 4 చూడండి.
– లోగో వస్తుంది, బయోస్ తెరుచుకుంటుంది, కానీ బూట్ డివైస్ లేదంటుంది, లేదా ప్రతిసారీ బయోస్‌లోకే వస్తుంది: 5, 7 చూడండి.
– విండోస్ మొదలై బ్లూ స్క్రీన్ వస్తుంది, లేదా రికవరీ కీ అడుగుతుంది: 6 చూడండి.

ఇది తేల్చుకోకుండా చేతికొచ్చింది చేస్తూ పోతే ఒక సమస్య మూడవుతుంది.

3. డిస్‌ప్లే అసలు రాకపోతే

వరుసగా చేయండి. ప్రతి మెట్టు తర్వాత ఒకసారి ఆన్ చేసి చూడండి.

మొదటిది, మానిటర్ కేబుల్. సీఎస్‌ఎమ్ (లెగసీ పద్ధతిని నడిపించే సెట్టింగు) ఆఫ్ చేశాక డిస్‌ప్లే పోయిందంటే అనుమానించాల్సింది గ్రాఫిక్స్ కార్డుని. యూఈఎఫ్‌ఐ మద్దతు లేని పాత కార్డులు సీఎస్‌ఎమ్ లేకుండా బొమ్మ చూపించలేవు. కేబుల్ తీసి మదర్‌బోర్డు మీద ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ లేదా వీజీఏకి పెట్టండి. అప్పటికీ రాకపోతే కార్డునే స్లాట్‌లోంచి తీసి చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి అవి ఉన్నవాళ్లకు ఈ దారి పనికిరాదు.

రెండోది, మిగిలిన కరెంటు పోగొట్టడం. ప్లగ్ తీసేసి పవర్ బటన్ 15 సెకన్లు నొక్కిపట్టండి. లాప్‌టాప్‌లో చార్జర్ తీసి 30 సెకన్లు నొక్కండి.

మూడోది, సీమాస్ క్లియర్, అంటే బయోస్ సెట్టింగులను చెరిపేయడం. ప్లగ్ తీసి ఉండగానే బోర్డు మీది నాణెం బ్యాటరీ తీయండి. దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. పది నిమిషాలు ఆగి పెట్టండి. బోర్డు మీద సీమాస్ క్లియర్ పిన్నులు కనిపిస్తే స్క్రూడ్రైవర్ కొసతో రెండింటినీ 5 నుంచి 10 సెకన్లు కలిపితే చాలు. ప్లగ్ తీయకుండా ఈ పని ఎప్పుడూ చేయకండి. తీసిన బ్యాటరీ మల్టీమీటర్‌తో కొలవండి. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది, 2.7 కంటే తక్కువ ఉంటే మార్చేయండి. సీమాస్ క్లియర్ చేసినంత మాత్రాన బయోస్ పాత వెర్షన్‌కి పోదు. సెట్టింగులు మాత్రమే మొదటికి వస్తాయి, టైమ్ కూడా పోతుంది.

నాలుగోది, ర్యామ్. ఒక్క స్టిక్ మాత్రం ఉంచి ఆన్ చేయండి, ఆ తర్వాత స్లాట్ మార్చి చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ర్యామ్ అంచుల మీద మసక పొర కడుతుంది. చీమకుర్తి గ్రానైటు యూనిట్ల ఆఫీసుల్లో సన్నటి రాతి దుమ్ము స్లాట్లలో చేరుతుంది. క్యాబినెట్ కదిలించకుండా ఉన్నన్ని రోజులూ నడిచిన సిస్టమ్, బ్యాటరీ తీయడానికి విప్పగానే వేరే కారణంతో ఆగిపోవచ్చు. బంగారు రంగు అంచులను మెత్తటి తెల్ల రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. స్లాట్‌లోకి నోటితో ఊదకండి, తేమ చేరుతుంది. బ్లోయర్ వాడండి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

చాలా డెస్క్‌టాప్ బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోయిందో అక్కడే లోపం. బూట్ దగ్గర ఆగితే బయోస్ బాగున్నట్టే, 5కి వెళ్లండి.

4. చిప్‌లోని బయోసే చెడితే

పై నాలుగూ అయినా ఉలుకూ పలుకూ లేకపోతే ఫ్లాష్ మధ్యలో తెగి ఉండాలి. దానికీ చాలా కంపెనీలు దారి పెట్టాయి. వేరే కంప్యూటర్‌లో మీ మోడల్ బయోస్ ఫైల్ డౌన్‌లోడ్ చేసి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

డెస్క్‌టాప్ బోర్డుల్లో వెనక పక్క ఫ్లాష్ బటన్ ఉందేమో చూడండి. ఆసుస్‌లో బయోస్ ఫ్లాష్‌బ్యాక్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్ ప్లస్, ఎమ్‌ఎస్‌ఐలో ఫ్లాష్ బయోస్ బటన్ అంటారు. అన్ని మోడళ్లకూ ఉండదు. ఉంటే ఎస్‌ఎమ్‌పీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) స్విచ్ ఆన్‌లో పెట్టి, సిస్టమ్ ఆఫ్‌లో ఉంచి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కాలి. ఆసుస్‌లో 3 సెకన్లు నొక్కిపడితే లైటు మూడుసార్లు మిణుకుతుంది. లైటు మిణుకుతున్నంతసేపూ ముట్టుకోకండి. మిణకడం ఆపి స్థిరంగా వెలిగి ఉండిపోతే ఫైల్ చదవలేదని అర్థం.

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఫైల్ పేరు దగ్గర. గిగాబైట్‌కి గిగాబైట్ డాట్ బిన్ అని, ఎమ్‌ఎస్‌ఐకి ఎమ్‌ఎస్‌ఐ డాట్ రోమ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మార్చాలి. ఆసుస్‌కి ఫైల్‌తో పాటు వచ్చే రీనేమర్ ప్రోగ్రామ్ ఉంది. విండోస్ ఫైల్ చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి మీరు మార్చిన పేరు వెనక పాత తోక అలాగే ఉండిపోతుంది. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి పేరు మొత్తం కనిపించేలా చేసి మార్చండి. ఫైల్ ఏ ఫోల్డర్‌లోనూ ఉండకూడదు, పెన్‌డ్రైవ్ తెరవగానే కనిపించాలి.

లాప్‌టాప్‌ల్లో:

– హెచ్‌పీ: విండోస్ కీ, బీ కలిపి నొక్కి ఉంచి, పవర్ బటన్ 2, 3 సెకన్లు నొక్కి వదలండి. ఆ రెండు కీలూ మాత్రం వదలకండి. బీప్ వినిపించాక లేదా రికవరీ తెర వచ్చాక వదలొచ్చు. కొన్ని మోడళ్లకు బీ బదులు వీ.
– డెల్: ఆఫ్ చేసి చార్జర్ తీయండి. కంట్రోల్, ఎస్కేప్ నొక్కి ఉంచి చార్జర్ పెట్టండి. రికవరీ తెర వచ్చేదాకా వదలకండి.

ఇవేవీ పనిచేయకపోతే చిప్‌ను ప్రోగ్రామర్ అనే పరికరంతో రాయించాలి. అది చిప్ లెవెల్ పని, 8 చూడండి.

5. బయోస్ వస్తుంది, బూట్ డివైస్ దొరకదు

వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే, చేతిలో పరికరం లేకుండా బాగయ్యేవీ ఇవే. అప్‌డేట్ తర్వాత సెట్టింగులు మొదటికి వస్తాయి. మీ విండోస్ ఏ సెట్టింగులో ఎక్కించారో అది మారిపోయి ఉంటుంది.

బయోస్‌లోకి వెళ్లే కీ: ఎమ్‌ఎస్‌ఐ, గిగాబైట్‌లకు డిలీట్. ఆసుస్‌కి డిలీట్ లేదా ఎఫ్2. డెల్, ఏసర్‌లకు ఎఫ్2. హెచ్‌పీకి ఎఫ్10. లెనోవోలో మోడల్‌ని బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2.

ముందు డిస్క్ పేరు బయోస్‌లో కనిపిస్తుందా చూడండి. ఎక్కడా కనిపించకపోతే సాటా కేబుల్, పవర్ కేబుల్ తీసి పెట్టండి. ఎమ్.2 ఎస్‌ఎస్‌డీ అయితే స్క్రూ విప్పి మళ్లీ బిగించండి. కనిపిస్తే ఈ నాలుగూ చూడండి.

బూట్ ఆర్డర్. విండోస్ యూఈఎఫ్‌ఐలో ఎక్కించి ఉంటే విండోస్ బూట్ మేనేజర్ అన్న పేరు మొదట ఉండాలి. డిస్క్ కంపెనీ పేరు కాదు.

బూట్ మోడ్. పాత సిస్టమ్‌లో విండోస్ లెగసీలో ఎక్కించి, డిస్క్ ఎమ్‌బీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంటే, యూఈఎఫ్‌ఐకి మార్చగానే అది దొరకదు. సీఎస్‌ఎమ్ తిరిగి ఆన్ చేయండి, సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి, లేస్తుంది. విండోస్ 11 కోసమే మార్చినవాళ్లు లేచిన తర్వాత డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చుకుని, ఆపైన యూఈఎఫ్‌ఐకి వెళ్లాలి. ముందు డిస్క్, వెనక సెట్టింగు. తలకిందులు చేస్తే మళ్లీ నల్ల తెరే.

జీపీటీకి మార్చే సాధనం విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఉంది. ఫైళ్లు కాపీ తీసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇంగ్లీషులో ఇలా కొట్టండి: ఎమ్‌బీఆర్2జీపీటీ, ఖాళీ, స్లాష్ వాలిడేట్, ఖాళీ, స్లాష్ అలౌఫుల్‌ఓఎస్. అలౌఫుల్‌ఓఎస్ అంతా ఒకే మాట, మధ్యలో ఖాళీ లేదు. పరీక్ష నెగ్గితే వాలిడేట్ బదులు కన్వర్ట్ అని కొట్టండి.

మన దగ్గర ఈ పరీక్ష తరచూ తప్పుతుంది. షాపులో సీ, డీ, ఈ, ఎఫ్ అని డ్రైవులు విడగొట్టి ఇచ్చిన డిస్కుల్లో డీ నుంచి అన్నీ లాజికల్ పార్టిషన్లుగా ఉంటాయి. ఈ సాధనం వాటిని ఒప్పుకోదు. డీ, ఈ, ఎఫ్‌ల్లో ఉన్నదంతా బయటి డిస్క్‌కి కాపీ చేసి, కాపీ తెరుచుకుంటోందని చూసుకుని, ఆ డ్రైవులు తీసేశాకే మళ్లీ ప్రయత్నించాలి. అంత ఓపిక, అంత పెద్ద బయటి డిస్క్ లేకపోతే లెగసీలోనే ఉంచేయడం మేలు.

సాటా మోడ్. ఏహెచ్‌సీఐ, రెయిడ్ రెండింట్లో ఏది ముందు ఉందో దానికి పెట్టండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌ల్లో వీఎమ్‌డీ అనే డిస్క్ సెట్టింగు కూడా ఉంటుంది. ఏసర్‌లో అది దాగి ఉంటుంది, మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడే మోడళ్లున్నాయి. ముందు ఏది ఉండేదో గుర్తులేకపోతే ఒకటి పెట్టి చూసి, లేవకపోతే రెండోది పెట్టి చూడండి. ఒకే డిస్క్ ఉన్న సిస్టమ్‌లో దీనివల్ల డేటా పోదు. రెండు డిస్కులు కలిపి రెయిడ్ చేసి ఉంటే మాత్రం తెలిసినవాళ్లు వచ్చేదాకా ముట్టుకోకండి.

సెక్యూర్ బూట్. ముందు ఎలా ఉందో అలాగే పెట్టండి. కొన్ని ఏసర్ లాప్‌టాప్‌ల్లో ఈ వరుస మసకగా ఉండి మారదు. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే తెరుచుకుంటుంది. పని అయ్యాక ఆ పాస్‌వర్డ్ తీసేయండి. మరిచిపోతే అది ఇంకో పెద్ద చిక్కు.

విండోస్‌తో పాటు ఉబుంటు ఉన్నవాళ్లకు అప్‌డేట్ తర్వాత ఉబుంటు పేరు బూట్ జాబితాలో మాయం కావచ్చు. ఉబుంటు ఎక్కడికీ పోలేదు. బయోస్‌లో బూట్ ఆప్షన్ కలిపే చోట ఈఎఫ్‌ఐ ఫోల్డర్, అందులో ఉబుంటు, అందులో షిమ్‌తో మొదలయ్యే ఫైల్‌ను చూపించండి.

6. బ్లూ స్క్రీన్, 48 అంకెల కీ

బ్లూ స్క్రీన్ మీద ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని ఉంటే అది సాటా మోడ్ లేదా వీఎమ్‌డీ గొడవే. 5లో చెప్పినట్టు మార్చి చూడండి.

రికవరీ కీ అడిగితే ముందు మార్చిన సెట్టింగును వెనక్కి పెట్టండి. టీపీఎమ్ ఆఫ్ అయి ఉంటే ఆన్ చేయండి, సెక్యూర్ బూట్ ముందున్నట్టే ఉంచండి. చాలాసార్లు కీ అవసరం లేకుండానే తెరుచుకుంటుంది. క్లియర్ టీపీఎమ్ అన్న వరుస జోలికి మాత్రం వెళ్లకండి.

ఏఎమ్‌డీ బోర్డుల్లో అప్‌డేట్ తర్వాత ఎఫ్‌టీపీఎమ్ (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎమ్) మారింది, రీసెట్ చేయడానికి వై, పాతది ఉంచడానికి ఎన్ నొక్కమని ఒక తెర వస్తుంది. చదవకుండా వై నొక్కేస్తారు. బిట్‌లాకర్ ఉంటే ఆ తర్వాత కీ లేకుండా డిస్క్ తెరుచుకోదు. ఎన్ నొక్కండి.

కీ దొరికే చోటు: లాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ తెరిచి, డివైసెస్ కింద చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు అక్కడున్న దానితో కలవాలి. లాప్‌టాప్ కొన్నరోజు షాపువాళ్లే వాళ్ల మెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ ఆ మెయిల్‌తో ఉన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, వాళ్లనే అడగాలి. కీ ఎక్కడా లేకపోతే ఆ డేటాను ఎవరూ తెరవలేరు. తెరుస్తామని డబ్బులడిగితే ఇవ్వకండి.

7. బూట్ ఫైళ్లు మళ్లీ రాయడం

సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా విండోస్ బూట్ మేనేజర్ పేరే కనిపించకపోతే ఇది చేయాలి. వేరే కంప్యూటర్‌లో 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఇన్‌స్టాలేషన్ మీడియా తయారుచేసి, దాంతో బూట్ చేయండి. భాష అడిగే తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ కిటికీ వస్తుంది.

మొదట డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ డిస్క్ అనండి. మీ డిస్క్ ఎదురుగా జీపీటీ వరుసలో చుక్క గుర్తు ఉంటేనే ముందుకు వెళ్లండి. లేకపోతే అది ఎమ్‌బీఆర్ డిస్క్, మీ దారి 5లోని సీఎస్‌ఎమ్. అసలు డిస్కే కనిపించకపోతే వీఎమ్‌డీ ఆన్‌లో ఉండవచ్చు, దాని సంగతి ముందు చూడండి.

తర్వాత లిస్ట్ వాల్యూమ్. ఫ్యాట్32 అని రాసి, 100 నుంచి 500 ఎమ్‌బీ మధ్య ఉన్న చిన్న భాగం మనకు కావాలి. పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32గా కనిపిస్తుంది కాబట్టి సైజు చూసి తేల్చుకోండి. సెలెక్ట్ వాల్యూమ్ అని దాని నంబరు, తర్వాత అసైన్ లెటర్ ఈక్వల్స్ ఎస్, తర్వాత ఎగ్జిట్. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే మాట పొరపాటున కూడా కొట్టకండి. డిస్క్‌లోని పార్టిషన్లన్నీ చెరిగిపోతాయి.

ఇక్కడ విండోస్ ఉన్న డ్రైవు అక్షరం సీ కాకపోవచ్చు. డీఐఆర్ కొట్టి విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఏ డ్రైవులో ఉన్నాయో చూడండి. సీ అయితే ఇలా: బీసీడీబూట్, ఖాళీ, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, ఎస్ కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్, ఖాళీ, యూఈఎఫ్‌ఐ. బూట్ ఫైళ్లు తయారయ్యాయని ఒక వరుస వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి. చాలా వీడియోల్లో బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ చెప్తుంటారు. యూఈఎఫ్‌ఐ సిస్టమ్‌లో అది తరచూ యాక్సెస్ డినైడ్ అంటుంది, దాని కోసం సమయం పెట్టకండి.

8. షాపుకి ఇచ్చేటప్పుడు

ట్రంకురోడ్డు షాపుల్లో రద్దీలో ఉన్న కుర్రాళ్లకు ఫార్మాట్ అరగంట పని, కారణం వెతకడం సగం రోజు పని. అందుకని మీరే స్పష్టంగా చెప్పండి:

– డేటా కావాలి, ఫార్మాట్ చేయొద్దు అని కాగితం మీద రాసి సిస్టమ్‌కి అంటించండి. వీలైతే డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకుని బోర్డు మాత్రం ఇవ్వండి. బయోస్ రాయడానికి డిస్క్ అక్కర్లేదు.
– ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి మార్చారో, ఎక్కడ ఆగిందో చెప్పండి.
– చిప్‌లో ఉన్నది ముందు రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనని పోల్చి, కాపీ దాచాకే కొత్తది రాయమనండి. సీరియల్ నంబరు, లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ కీ లాంటివి ఆ పాత కాపీలోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన వేరే లాప్‌టాప్ ఫైల్‌ను నేరుగా రాస్తే సిస్టమ్ లేస్తుంది గానీ అవి పోతాయి.
– చిప్ 1.8 వోల్టులదా, 3.3 వోల్టులదా చూశారా అని అడగండి. 1.8 చిప్‌కి అడాప్టర్ లేకుండా ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్ కాలిపోవచ్చు.

9. లేచిన తర్వాత

ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ తీయండి, మిగతావన్నీ తర్వాత. తేదీ, టైమ్ సరిచేయండి. అవి తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు తెరుచుకోవు, డిజిటల్ సంతకం పనిచేయదు. ర్యామ్ వేగానికి ఎక్స్‌ఎమ్‌పీ పెట్టి ఉండేవాళ్లు ఒక రోజు మామూలు వేగంతో నడిపి, ఆ తర్వాతే ఆన్ చేయండి. ఫ్యాన్ సెట్టింగు కూడా మొదటికి వచ్చి ఉంటుంది. వేసవిలో అది చూసుకోకపోతే వేడికి సిస్టమ్ ఆగిపోతుంది.

సస్పెండ్ చేసిన బిట్‌లాకర్‌ను రెజ్యూమ్ చేయండి. రికవరీ కీ ప్రింటు తీసి ఇంటి కాగితాలతో పాటు పెట్టండి, అదే లాప్‌టాప్‌లో ఫైల్‌గా మాత్రం దాచకండి.